చారు కాదు, చార్

ఆమెకు తెలుగు చదవడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు, దేవుడి పటం కింద అక్షరాలు, కరెంటు బిల్లు చదువుతుంది. పుస్తకాలు చదవదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. దీన్ని ధైర్యం అనేది నేనొక్కదాన్నే, మిగతావాళ్లు పిరికితనం అంటారు. అనుకోనివ్వండి.

నేను ఇంగ్లిష్ టీచర్ని. గార్లదిన్నెకూ పామిడికీ మధ్య ఒక ఊళ్లో, ప్రభుత్వ హైస్కూల్లో పని. రోజుకు ఐదు పీరియడ్లు ఊరి పిల్లల ఇంగ్లిష్‌లో తప్పులు వెతికి ఎర్ర సిరాతో సున్నాలు చుడతాను. నేను బతుకులో చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు కూడా ఇంగ్లిష్‌లోనే చేశాను, నాలుగే నాలుగు అక్షరాల్లో. అది స్పెల్లింగ్ రాక చేసిన తప్పు కాదు. స్పెల్లింగ్ బాగా వచ్చి చేసింది.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా ఇంగ్లిష్ సారు సైకిల్ క్యారియర్‌కు డిక్షనరీ కట్టుకుని బడికి వచ్చే మనిషి. ఒకరోజు ఇల్లు తగలబడిన కథ ఏదో పాఠంలో వచ్చింది. ఆయన పాఠం పక్కన పెట్టి బోర్డు మీద ఐదు మాటలు రాశారు. బర్న్, సింజ్, స్కార్చ్, సియర్, చార్. “ఇవన్నీ కాలడమే. కానీ ఒక్కోటి ఒక్కో తీరుగా కాలతాది” అన్నారు.

బర్న్ అందరికీ తెలుసు, దాన్ని వదిలేశారు. సింజ్ అంటే పొయ్యి ఊదేటప్పుడు ముందు జుట్టు కమరడం. మేక తలకాయ కాల్చేటప్పుడు వీధి చివరిదాకా వస్తుందే, ఆ కమురు వాసన పుట్టించే కాలడం. స్కార్చ్ అంటే పైపైన మాడడం. ఇస్త్రీ పెట్టె చొక్కా మీద మర్చిపోతే పడే పసుప్పచ్చ మచ్చ, వాన మొహం చాటేసిన ఏడాది మన బుడ్డల చేను, రెండూ స్కార్చే అన్నారు. బుడ్డలంటే మా వైపు వేరుశెనక్కాయలు. క్లాసంతా తలలు ఊపింది, చేను మాడడం ఎవరికీ వివరించక్కర్లేదు. సియర్ అంటే ఎద్దుకు వాత పెట్టడం. ఇక చివరిది.

“చార్ అంటే కాలి బొగ్గవడం. బూడిద కాదు, మరిచిపోవద్దండి. బూడిదైతే ఆకారం పోతాది. దుంగ కాలినాక కూడా దుంగ మాదిరే ఉంటాది చూడండి, ముట్టుకుంటే చేతికి నలుపు అంటుతాది. అది చార్.”

ఇంగ్లిష్ రచయితలు ఆ మాటను ఎక్కడెక్కడ వాడతారో కూడా చెప్పారు. ఇల్లు తగలబడ్డాక మిగిలిన దూలానికి, యుద్ధం పోయాక మిగిలిన ఊరికి, మంటలోంచి సగంలో లాగిన ఉత్తరానికి. అన్నీ చెప్పి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, “మనిషికి మాత్రం వాడొద్దండి. మనిషికి వాడితే శవమని అర్థం. బతికుండే మనిషిని ఆ మాట అనరు” అన్నారు.

అందరూ నోట్సు రాసుకుంటున్నారు. ఎవరూ మూడో బెంచీ వైపు, ఆరోజు బడికి రాని పిల్ల చోటు వైపు చూడలేదు. నేను చూశాను.

మూడో బెంచీలో కూర్చునే అమ్మాయికి రెండేళ్లప్పుడు ఒళ్లు కాలింది. వాళ్లమ్మ కూలికి పోయి, బుడ్డల కట్టె వామి నీడలో చీర ఉయ్యాల కట్టి పిల్లను పడుకోబెట్టింది. కాయలు కోసుకున్నాక మిగిలిన ఎండు తీగలను పశువుల మేతకు ఇల్లంత ఎత్తు పేరుస్తారు, అదే వామి. పైన కరెంటు తీగ ఉంది. నిప్పురవ్వ పడింది. పిల్లను బయటికి లాగేసరికి ఎడమ చెంప, చెవి, మెడ, ఎడమ చెయ్యి మోచేతి దాకా పోయాయి. చెవి మడత పెట్టిన ఆకులా ఉండేది. చెంప చర్మం బిగుసుకుని నోటి చివరను కొంచెం పైకి లాగేది, అందువల్ల ఏడ్చినా నవ్వినట్టే కనిపించేది.

కుడివైపు నుంచి చూస్తే మా క్లాసులో అంత అందమైన పిల్ల లేదు. నాకు మంట ఆ కుడివైపును చూసే. అది చాలనట్టు గొంతు కూడా. ఏడో తరగతి దాకా బడిలో ప్రార్థన పాడింది నేను. ఎనిమిదిలో ఆమె వచ్చి చేరింది, ఒకరోజు నాకు జలుబు చేసింది, ఆమెను పాడమన్నారు. నా జలుబు తగ్గింది కానీ ప్రార్థన నాకు తిరిగి రాలేదు. హెడ్మాస్టరు కళ్లు మూసుకుని వినేవారు. ఆయన నేను పాడినప్పుడు ఎప్పుడూ కళ్లు మూసుకోలేదు.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఆమె లైనులోకి వస్తుంటే నా పక్కనున్న ఇద్దరికి వినబడేటట్టు “వచ్చిందే చార్” అన్నాను. ఒకత్తె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకత్తెకు అర్థం కాలేదు, ఆమే దాన్ని ఊరంతా మోసింది. మధ్యాహ్నానికి మగపిల్లల నోట్లో పడింది. నోట్సు రాసుకున్నారే గానీ వాళ్లకు చార్ ఏం గుర్తుంటుంది, చారు తెలుసు. “ఏం చారే? మిరియాల చారా, చింతపండు చారా?” అని గోల. తురకల పిల్లలు ఇద్దరు ముగ్గురు నాలుగు వేళ్లు చూపించి “చార్, చార్” అన్నారు, ఉర్దూలో నాలుగు కదా. ఒకే మాటకు ఎవరికి తోచిన అర్థం వాళ్లు పెట్టుకుని నవ్వారు. క్లాసంతా రసానికి నవ్వితే నేను బొగ్గుకు నవ్వాను.

మూడో రోజు కుళాయి దగ్గర ఆమె నన్ను ఆపింది.

“ఏమే, నన్ను అందరూ చారు చారు అంటాండారు. పెట్టింది నువ్వేనంట గదా. ఇంగ్లీషు మాటంట. ఏమని అర్థం?”

నిజం చెబితే ఇంగ్లిష్ సారు దాకా పోతుంది. ఆయన చేతిలో దెబ్బలకు నేను భయపడలేదు, ఆయన దగ్గర తెలివైన పిల్లనన్న పేరు పోతుందని భయపడ్డాను. నోటికి ఏది అందితే అది అన్నాను.

“మంచి మాటే. ఇంగ్లీషు కాదు, సంస్కృతం. చారు అంటే అందమైన అని.”

“నిజంగా?”

“తెలుగు సారును అడుగుపో.”

పోయి అడిగింది కూడా. చారు అంటే అందమైనది, మనోహరమైనది అని ఆయన అర్థం చెప్పి పంపించారు. అబద్ధం చెప్పేవాళ్లకు నిజమే సాక్ష్యానికి వస్తే ఇంకేం కావాలి? సాయంత్రం ఆమె నోట్‌బుక్ పట్టుకుని మా బెంచీ దగ్గరికి వచ్చింది. నోరు పైకి లాగినట్టు కాదు, నిజంగానే నవ్వుతోంది.

“ఇంగ్లీషులో రాసియ్యే. నీ అక్షరాలు బాగుంటాయి.”

రాశాను. సి, హెచ్, ఏ, ఆర్. ఆర్ అక్షరానికి తోక పొడుగ్గా లాగడం అప్పట్లో నాకు అలవాటు. ఆ తోక దగ్గర పెన్ను ఆగింది. నిజం చెబుతున్నాను, ఆగింది. ఇంకొక యు పెడితే అది చారు అయ్యేది, సగం పాపం అక్కడే కడుక్కుపోయేది. ఆగాను, తోకను ఇంకొంచెం లాగాను, పెన్ను మూత పెట్టేశాను. ఆమె ఆ కాగితాన్ని ఊది ఊది ఆరబెట్టుకుంది.

ఆ తరువాత ఎవరు చారూ అని పిలిచినా తల తిప్పి పలికేది. మగపిల్లలకు రుచి పోయి మానేశారు, వెక్కిరించినప్పుడు ముఖం మాడకపోతే వెక్కిరింతకు ఉప్పెక్కడిది? నాకు మాత్రం కడుపు మండిపోయింది. నేను వేసిన రాయిని ఆమె పువ్వు అనుకుని తల్లో పెట్టుకుంది. ప్రార్థన మునుపటికంటే బాగా పాడింది. ఆ ఏడు వానలు పూర్తిగా ఎగ్గొట్టాయి, వాళ్ల ఇంటిల్లిపాదీ బెంగుళూరుకు కట్టడం పనులకు పోయారు. ప్రార్థన మళ్లీ నాకు వచ్చింది. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

చదువుకుని, పరీక్షలు రాసి, నేను టీచరయ్యాను. పెళ్లి, ఇల్లు, బదిలీలు, అన్నీ అందరికీ అయినట్టే అయ్యాయి. కాలే మాటలు చెప్పాల్సి వచ్చినప్పుడు నాలుగు చెప్పి ఐదోది వదిలేసేదాన్ని. పశ్చాత్తాపం వల్ల అని రాస్తే బాగుంటుంది, కానీ కాదు. నోటికి చేదుగా ఉండేది, అంతే.

నాలుగేళ్ల కిందట జూన్‌లో, ఆరో తరగతి అడ్మిషన్లు రాస్తుంటే నా బల్ల ముందుకు ఒక తల్లి, కూతురు వచ్చారు. చెవి చూసి పోల్చుకున్నాను. ఆమె కొంగు కప్పుకోలేదు, జుట్టు వెనక్కి లాగి గట్టిగా ముడి వేసుకుంది. అందమైనదని పేరు పెట్టుకున్న మనిషి ముఖం ఎందుకు దాచుకుంటుంది?

“మేడం, గుర్తుపట్టినారా?” అని అడిగి, నేను నోరు తెరిచేలోపే మేడం మర్చిపోయి, “నువ్వే గదే! నువ్వీడ ఉండావని తెలిస్తే ఎప్పుడో వస్తాంటి గదా!” అంది. కూతురి భుజం పట్టి ముందుకు తోసింది. “కాళ్లకు మొక్కు పాపా. నీ పేరు పెట్టింది ఈ మేడమే.”

ఆ పిల్ల వంగి నా కాళ్లు ముట్టుకుంది. నేను దరఖాస్తు చూశాను. తెలుగులో చారు. ఇంగ్లిష్‌లో నాలుగే అక్షరాలు. సి, హెచ్, ఏ, ఆర్.

“ఇంగ్లిష్‌లో ఇట్లా ఎవరు రాశారు?” అన్నాను.

ఆమె కుడి చెయ్యి చాచి బల్ల మీద పెట్టింది. మణికట్టుకు పైన పచ్చబొట్టు. అవే నాలుగు అక్షరాలు. ఆర్ తోక పొడుగ్గా, కిందికి జారి, నేను ఎట్లా లాగానో అట్లాగే.

“నువ్వు రాసిచ్చిన కాగితం పెండ్లిదాకా మడిచి పెట్టుకున్నా. కదిరి తిరునాళ్లకు పోయినప్పుడు పచ్చబొట్టామె చేతికిచ్చి, అచ్చం ఇట్లనే పొడువమ్మా, ఒక్క గీత మారకూడదు అన్యా. ఎడం చేతికి కాలిన తోలు మీద సూది దిగదనింది, కుడిచేతికి పొడిచింది. పాప పుట్టినాక ఆధార్ కాడ స్పెల్లింగ్ అడిగితే చెయ్యి చూపిచ్చినా. చూసి కొట్టుకున్నాడు.”

ఆమె కొంచెం ముందుకు వంగి, కూతురికి కూడా వినబడేట్టే, మామూలు గొంతుతో చెప్పింది.

“నన్ను చూసి అయ్యో అన్నోళ్లు శానామంది ఉండారు. అందమని పేరు పెట్టింది నువ్వొక్కదానివే. కూతురు పుడితే ఇదే పెట్టాలని అప్పుడే అనుకున్యా.”

ఆ సాయంత్రం ఇంట్లో డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను. ఆ నాలుగు అక్షరాలకు ఇంకేదైనా మంచి అర్థం ఉంటే దాన్ని ముందుకు తోద్దామని. చల్లటి సరస్సుల్లో బతికే ఒక చేపను చార్ అంటారు. ఇంగ్లండులో పాతకాలపు వాడుకలో టీని అంటారు. ఇళ్లల్లో అంట్లు తోమి, నేల తుడిచే పనిమనిషిని అంటారు. చేప, టీ, పాచిపని. అన్నిటికంటే ముందు, లావు అక్షరాల్లో, కాలి బొగ్గగుట. ఇంకో చిత్రం కూడా చూశాను. ఇంగ్లిష్‌లో బొగ్గును చార్‌కోల్ అంటారే, ఆ మాటే ముందు పుట్టిందట, కాలి బొగ్గవడం అనే ఈ మాట తరువాత దాంట్లోంచి ఊడి వచ్చి ఉంటుందట. ముందు బొగ్గు, తరువాత కాలడం. లోకంలో ఎక్కడైనా అట్లా జరుగుతుందా? మాటల్లో జరుగుతుంది.

తెలుగులో కాలడానికి మాటలు తక్కువేం లేవు. కడుపు కాలుతుంది, ఒళ్లు మండుతుంది, ముఖం మాడుతుంది, గుండె రగులుతుంది. మా సీమలో తిట్లు కూడా నిప్పుతోనే మొదలవుతాయి, నీ నోరు కాల, నీ మొగం మాడ. ఆ ఒక్క ఇంగ్లిష్ మాటకు మాత్రం తెలుగులో ఒకే మాట దొరకదు, మూడు నాలుగు మాటలు కలిపి చెప్పాలి. ఆ వెతుకులాటతో ఒక గంట గడిపాను. తెలివైన వాళ్లు తప్పు ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు భాషాశాస్త్రం చదువుతారు.

చెబుదామనే అనుకున్నాను. మొదటి వారంలోనే. తరువాత మొదటి పేరెంట్స్ మీటింగులో అనుకున్నాను, ఆరోజు ఆమెతో వాళ్లాయన కూడా వచ్చాడు, ఆయన ముందు ఎందుకులే అనిపించింది. రెండో మీటింగుకు ఒంటరిగానే వచ్చింది, కానీ నాకు జాకెట్ కుట్టి తెచ్చింది. ఆమె పామిడిలో ఒక బట్టల అంగడికి ఇంట్లో కూర్చుని నైటీలు కుడుతుంది. నా కొలతలు ఎట్లా తెలుసు అంటే, “చూస్తే తెలీదా?” అంది. ఆ జాకెట్ నాకు అతికినట్టు సరిపోయింది. నా ఒంటికి అంత సరిగ్గా ఇంకెవరూ కుట్టలేదు. చేతిలో జాకెట్ పెట్టిన మనిషికి ఆ మాట ఎట్లా చెప్పను? మూడో మీటింగుకు నాకు తలనొప్పి. ఆ తరువాత నేను లెక్క పెట్టుకోవడం మానేశాను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది నోరు కూడా కాదు, చెయ్యి. రాసిచ్చిన చెయ్యి.

ఆ పిల్ల మాత్రం ముందు బెంచీలో కూర్చునేది. తల్లి కుడివైపు ముఖం ఎట్లా ఉంటుందో, పిల్లకు రెండువైపులా అదే. మాట తక్కువ. నేను బోర్డు మీద రాసేటప్పుడు వెనక నా మెడ మీద దాని చూపు ఉన్నట్టు అనిపించేది. ఇంగ్లిష్‌లో అదే క్లాసు ఫస్టు. నేను దాన్ని మెచ్చుకోలేదు. ఎవరికైనా తొంభై మార్కులు వస్తే పేరు పిలిచి చప్పట్లు కొట్టిస్తాను, దానికి వస్తే పేపరు బల్ల మీద పెట్టి పోయేదాన్ని. ఒకసారి వ్యాసంలో ఒక కామా పొరపాటు పట్టుకుని క్లాసంతా వినేటట్టు చీవాట్లు పెట్టాను. అది తల దించుకోలేదు. “సారీ మేడం” అని కామా దిద్దుకుని కూర్చుంది. నేను ఎవరి మీద కోపం ఎవరి మీద చూపిస్తున్నానో నాకు బాగానే తెలుసు. తెలిసినంత మాత్రాన మానతామా?

సైన్సు మేడం లాబ్‌లో చక్కెర మీద ఆసిడ్ పోసి చూపించే రోజు ఒకటి వచ్చింది. తెల్ల చక్కెర పొంగి, నల్ల బొగ్గయి గిన్నెలోంచి లేస్తుంది. దాన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారో పాఠంలోనే అచ్చయి ఉంది. ఆరోజు నేను సెలవు పెట్టాను. మర్నాడు వచ్చి పిల్లల ముఖాలు చూశాను. ఎవరి ముఖంలోనూ ఏమీ కనిపించలేదు. మార్కుల కోసం చదివే పిల్లలకు పక్కన కూర్చున్న పిల్ల పేరు, పాఠంలో మాట ఒకటేనని ఎందుకు తడుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఈ ఏడు అది పదో తరగతికి వచ్చింది. క్లాస్ టీచర్ని నేనే. పరీక్షకు కట్టే పిల్లల పేర్ల జాబితా, నామినల్ రోల్ అంటాం, పై ఆఫీసుకు పంపాలి. హెడ్మాస్టరు మమ్మల్ని పిలిచి గట్టిగా చెప్పారు. “పేర్లు ఒకటికి రెండుసార్లు చూడండి. తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. టెన్త్ సర్టిఫికెట్‌లో పడిన పేరు చచ్చేదాకా మారదు.”

అంటే ఆ పిల్ల కాలేజీలో చేరినా, ఉద్యోగానికి పోయినా, పాస్‌పోర్టు తీసినా, ఇంగ్లిష్ వచ్చిన ప్రతివాడూ దాని కాగితం మీద కాలిన బొగ్గు అని చదువుతాడు. ఒకడు నవ్వుతాడు. ఒకడు నీకీ పేరు ఎవరు పెట్టారమ్మా అని అడుగుతాడు. జాబితా పోవడానికి పది రోజులుంది. ఆ పది రోజుల్లో నేను నోరు విప్పాలి, లేదా ఎందుకో చెప్పకుండా ఆ యు పెట్టాలి. నేను ఏది ఎంచుకున్నానో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

తల్లికి ఫోన్ చేసి పిలిపించాను. ఆఫీసు గదిలో గుమాస్తా కంప్యూటర్ ముందు ఉన్నాడు. ఆమె నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

“పేరులో ఒక అక్షరం చేర్చాలి. చివర యు” అన్నాను.

“ఎందుకు?”

“అదే సరైన స్పెల్లింగ్.”

ఆమె చెయ్యి చూసుకుంది. నన్ను చూసింది. మళ్లీ చెయ్యి చాచి నా ముందు పెట్టింది. “ఇది నువ్వు రాసిందే గదా. నువ్వు తప్పు రాస్తావా?”

దేవుడు ఉంటే, అదిగో అక్కడ, నాకు తలుపు బార్లా తెరిచి పెట్టాడు. తప్పు కాదు, కావాలనే రాశాను, ఆ మాటకు అర్థం ఇది, నన్ను నాలుగు తన్ను అంటే అయిపోయేది. మాటలు నాలుక చివరికి వచ్చాయి కూడా. గుమాస్తా టైపు చేయడం ఆపి మా వైపు చూస్తున్నాడు.

“అప్పుడు చిన్నపిల్లని. నాకూ స్పెల్లింగ్ సరిగ్గా వచ్చేది కాదు” అన్నాను.

ఎనిమిదో తరగతిలో స్పెల్లింగ్ పోటీలో జిల్లా దాకా పోయిన దాన్ని నేను. ఆమె పకపకా నవ్వింది. “నీకూ తప్పులు పోతాయంటే ఇంగ మాదెంత!” అని కాగితం మీద సంతకం పెట్టింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, “ఇప్పుడన్నా చూసినావు. ల్యాకుంటే నా బిడ్డ పేరు జన్మంతా తప్పుగానే ఉంటాండె” అంది. చెయ్యి వెచ్చగా ఉంది, వేళ్ల చివర సూది గుచ్చుకున్న గరుకు.

జాబితాలో మారితే ఆధార్‌లోనూ మారాలి. అందుకోసం ఆమె ఆధార్ సెంటర్ చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఒకరోజు సర్వర్ లేదన్నారు, ఒకరోజు ఏదో కాగితం తక్కువన్నారు. మూడు రోజుల కుట్టుపని ఎండలో పోసింది. నాకు ఫోన్ చేసి “అయిపోయింది మేడం” అని సంబరంగా చెప్పింది. పోనీలే, ఇంతటితో తీరింది, నా పీడా విరగడైంది అనుకున్నాను. ఆరోజు మధ్యాహ్నం అన్నం బాగా తిన్నాను కూడా.

తరువాతి సోమవారం, మొదటి పీరియడ్ కాకముందే, స్టాఫ్ రూమ్ గుమ్మంలో తల్లీ కూతురూ కనిపించారు. నేనొక్కదాన్నే ఉన్నాను. ఆమె లోపలికి వచ్చి, చెంగు కింద దాచుకున్న కుడి చెయ్యి బయటికి తీసింది.

పాత నాలుగు అక్షరాలు వెలిసిపోయి బూడిద ఆకుపచ్చగా ఉన్నాయి. వాటి పక్కన కొత్తది, నల్లగా, ఎర్రటి వాపు మధ్యలో, యు. చుట్టూ చర్మం ఉబ్బి మెరుస్తోంది, ఒకచోట చీము కూడా పట్టింది.

“దీనికీ చేర్పిచ్చినా. ఇప్పుడంతా మిషన్ గదా, రంయ్యిమని పోయింది. నీ చేతి అక్షరం కాదు, వాడిది. అందుకే వంకర పోయింది.” నా ముఖంలోకి చూసి, చిన్నపిల్లలా అడిగింది. “ఇప్పుడు సరిపోయిందా?”

“సరిపోయింది” అన్నాను. “చెయ్యి డాక్టర్‌కు చూపించుకో.”

“ఏం కాదులే. నేను చూడని వాపా?” అని నవ్వి, పదిన్నర బస్సుకు పోవాలని బయల్దేరింది.

ఆ పిల్ల పోలేదు. తల్లి మెట్లు దిగేదాకా గుమ్మం వైపు చూసి, నా వైపు తిరిగింది.

“మేడం, ఆరో తరగతిలోనే చూసినా. డిక్షనరీలో.”

నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను.

“ఫస్టు దసరా సెలవులకే చూసినా. మీరే చెప్తారేమో అని ఎదురు చూస్తాంటి. ప్రతి మీటింగుకూ మా అమ్మ వస్తే, ఈ పొద్దు చెప్తారు, ఈ పొద్దు చెప్తారు అనుకుంటాంటి. నాలుగేండ్లు చూసినా.”

దాని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను లేచాను. నిజంగానే లేచాను, ఈసారి నటన కాదు. “ఇప్పుడే చెబుతాను. బస్సు రాకముందే పోయి చెబుతాను. తప్పు నాది” అన్నాను.

అది పక్కకు జరగలేదు. గుమ్మంలోనే నిలబడింది.

“వద్దు మేడం.”

“నన్ను చెప్పనీ.”

“చెప్తే మీకు తేలికయితాది. మా అమ్మకేమైతాది? లోకంలో ఒక్క మనిషన్నా తనను చూసి అందమనిందని అనుకుంటాంది. ఆ ఒక్క మనిషి గూడా లేకుండా పోతాది. ఇంతకాలం ఉంచుకున్నారు గదా. ఇంగ మీ కాడే పెట్టుకోండి.”

బెల్లు కొట్టారు. అది బల్ల మీద ఉన్న మా క్లాసు నోట్‌బుక్కుల కట్ట ఎత్తుకుని, రోజూ తీసుకుపోయినట్టే తీసుకుపోయింది. కిటికీలోంచి గేటు అవతల రోడ్డు కనబడుతుంది. ఎండలో బస్సు కోసం నిలబడ్డ ఆమె నన్ను చూసి వాచిన చెయ్యి పైకెత్తి ఊపింది. నేనూ నవ్వుతూ చెయ్యి ఊపాను.